సిజేరియన్ తర్వాత వెన్నుమత్తు తలనొప్పి: నివారణ

సిజేరియన్ కోసం నడుము దగ్గర వెన్నులో మత్తు సూది వేయించుకున్న కొందరు బాలింతలకు వచ్చే తలనొప్పి ఇది. వెన్నుపాము చుట్టూ ఉన్న పొరకు సూదితో పడిన రంధ్రంలోంచి లోపలి ద్రవం కారి, పీడనం తగ్గడం వల్ల వస్తుంది. లేచి కూర్చుంటే నుదురు, మెడ పట్టేస్తాయి, పడుకుంటే తగ్గుతుంది. ఎక్కువమందికి మూడు రోజుల్లోపే మొదలవుతుంది. 1898లో జర్మనీలో ఈ మత్తును ప్రవేశపెట్టిన ఆగస్ట్ బీర్ తన మీదే ప్రయోగం చేయించుకుని, రోజుల తరబడి ఇదే తలనొప్పి పడ్డాడు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. కాబట్టి తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇది ఇంటింటికీ సంబంధించిన విషయం.

నివారణ ప్రధానంగా సూదిలోనే ఉంది. పాతకాలపు క్విన్‌కీ సూది ఏటవాలు మొనతో పొరను కోస్తుంది. విటేకర్, స్ప్రాట్ సూదులది పెన్సిల్ మొన. మందు పక్కనున్న కంత లోంచి వస్తుంది, పొర పోగులు తెగడం కంటే పక్కకు జరుగుతాయి. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్షలో కోసే సూదులతో నూటికి 11 మందికి తలనొప్పి వస్తే, కోయని సూదులతో నాలుగుకు కాస్త పైన. సన్నదనమూ ముఖ్యమే: 25 గేజ్ సూది సుమారు అర మిల్లీమీటరు, 27 గేజ్ అంతకన్నా సన్నం. క్విన్‌కీయే వాడాల్సివస్తే ఏటవాలు అంచు వెన్ను పొడవునా ఉండేలా తిప్పి గుచ్చాలి. మాటిమాటికీ గుచ్చితే ముప్పు పెరుగుతుంది. పెన్సిల్ మొన సూది ఖరీదు కొంచెం ఎక్కువే, కానీ తల్లి పడే బాధ ముందు అదొక లెక్క కాదు.

ఇక ఇళ్లలో వినిపించే “దిండు పెట్టొద్దు, రోజంతా తల ఎత్తొద్దు” అన్న కట్టడి తలనొప్పిని ఆపదని పరిశోధనలు తేల్చాయి. బిడ్డకు పాలివ్వడం మాత్రం కష్టమవుతుంది.

వచ్చిన నొప్పి చాలామందికి పారాసిటమాల్, కాఫీ, విశ్రాంతితో వారం రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే బాలింత రక్తాన్నే వెన్నులో ఎక్కించే బ్లడ్ ప్యాచ్ ఉంది; అది మత్తు డాక్టర్లు చేస్తారు.

రేపల్లె దాటి నిజాంపట్నం వైపు పుట్టింటికి వెళ్లిన బాలింతకైనా సరే, పడుకున్నా తగ్గని తలనొప్పి, జ్వరం, మూర్ఛ, చూపు మసక, కాలుచేతుల్లో బలహీనత కనిపిస్తే అది వెన్నుమత్తు వల్లేనని ఊరుకోవద్దు. బీపీ పెరగడం, మెదడు రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.