మొగలి అత్తరు

మొగలి అత్తరు మొగలి పూపొత్తుల నుండి బట్టీపట్టి తీసే సుగంధ ద్రవ్యము. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దాటగానే మొదలయ్యే ఒడిషాలోని గంజాం జిల్లా తీరం దీనికి ప్రసిద్ధి. తెలుగువారు గణనీయంగా ఉన్న ఈ జిల్లా 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది.

పరిమళం మగచెట్టు పూలకే ఉంటుంది. దానికి ముఖ్య కారణం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. పూలను రాగి డేగిశాలో నీటితో మరిగించి, ఆవిరిని వెదురు గొట్టం ద్వారా చందన తైలమున్న పాత్రలోకి పంపి చల్లార్చుతారు. మాల్ట్ విస్కీని కూడా రాగి బట్టీలోనే దించుతారు గాని, సంప్రదాయ అత్తరులో మద్యసారం ఉండదు. దూదిలో ముంచి చెవి మడతలో పెట్టుకోవడం వాడుక. పొగ వాసన కోరేవారికి ఇది తృప్తినివ్వదు. తలంటిన జుట్టుకు వేసే సాంబ్రాణి ధూపమే వారికి తగినది.

పై ఈథర్‌ను కర్మాగారాలలో చౌకగా తయారుచేయగలగటం వలన, ముళ్ళపొదల్లో చేతులు గీరుకొని పూలు కోసేవారి శ్రమకు గట్టి పోటీ ఏర్పడింది. చందన తైలానికి బదులు లిక్విడ్ పారఫిన్ కలిపిన సరుకూ అత్తరు పేరుతోనే అమ్ముడవుతోంది.