వేసవి సెలవుల్లో తత్వశాస్త్రం: బస్తర్ విద్యార్థికి ఉన్న దారులు

బస్తర్‌లో వేసవి అంటే తునికాకు కాలం. హాస్టళ్లు మూతపడగానే డిగ్రీ చదివే పిల్లలు కూడా ఊళ్లకు చేరతారు. తెల్లవారకముందే ఇంటిల్లిపాదితో కలిసి అడవికి వెళ్లి, ఎండ ముదిరేలోగా ఆకు తెచ్చి కట్టలు కడతారు. కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 నుంచి బస్తాకు రూ.5,500 చెల్లిస్తోంది. అంటే కట్టకు ఐదున్నర రూపాయలు. వంద కట్టలు కట్టిన రోజు ఇంటికి వచ్చేది రూ.550.

వేసవిలో ఏదైనా చదువుదామనుకునే బస్తర్ విద్యార్థికి మొదటి ప్రశ్న ఇక్కడే ఎదురవుతుంది. ఆ కోర్సు మంచిదా కాదా అన్నది తర్వాతి మాట. దానికి వెళ్తే ఈ సీజన్ కూలి పోతుందా, ఎదురు ఫీజు కట్టాలా, లేక వాళ్లే భృతి ఇస్తారా అన్నది ముందు తేలాలి. సైన్సు, ఇంజనీరింగ్ విద్యార్థులకు భృతి ఇచ్చే వేసవి పథకాలు చాలానే ఉన్నాయి. తత్వశాస్త్రం ఒక సబ్జెక్టుగా బీఏ చదివేవారికి అవి తక్కువ. అయినా వెతికితే కొన్ని దారులున్నాయి. జగదల్‌పూర్, సుక్మా, బీజాపుర్, దంతెవాడ విద్యార్థులకే కాక, సరిహద్దుకు ఇవతల భద్రాచలం, చింతూరు ప్రాంతాల విద్యార్థులకూ ఇవి పనికొస్తాయి.

దేశంలో: భృతి ఉన్నవి, లేనివి

ముందుగా ఒక అపోహ తొలగాలి. దేశంలో బాగా పేరున్న వేసవి పరిశోధన ఫెలోషిప్‌ను మూడు జాతీయ సైన్స్ అకాడమీలు (బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్) కలిసి నడుపుతున్నాయి. అది సైన్సు విద్యార్థులకు, అధ్యాపకులకు మాత్రమే. తత్వశాస్త్ర విద్యార్థులు దానికి దరఖాస్తు చేసి కాలం పోగొట్టుకోనక్కర్లేదు.

ఐఐటీల్లో హ్యుమానిటీస్ విభాగాలున్నాయి, వాటిలో తత్వశాస్త్ర అధ్యాపకులూ ఉన్నారు. కానీ అర్హత నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఐఐటీ మద్రాస్ వేసవి ఫెలోషిప్‌కు హ్యుమానిటీస్ వైపు నుంచి ఎంఏ మొదటి ఏడాది విద్యార్థులు అర్హులు. బీఏ వారికి అది తర్వాతి మెట్టు. ఐఐటీ గాంధీనగర్ నడిపే వేసవి పరిశోధన ఇంటర్న్‌షిప్ డిగ్రీ విద్యార్థులనూ తీసుకుంటుంది. హ్యుమానిటీస్, కాగ్నిటివ్ సైన్స్ ప్రాజెక్టులు కూడా అందులో ఉంటాయి. సుమారు ఎనిమిది వారాలు సాగుతుంది, భృతి ఇస్తారు. దరఖాస్తులో ఎంచుకున్న ప్రాజెక్టు గురించి రాసేది జాగ్రత్తగా రాయాలి. 'నాకు తత్వశాస్త్రమంటే ఇష్టం' అని రాస్తే అది నిలవదు. ఫలానా ప్రశ్న మీద ఇంతవరకు ఇది చదివాను, ఇక్కడ ఆగిపోయాను అని రాస్తే నిలుస్తుంది.

1977లో ఏర్పడిన భారతీయ తత్వశాస్త్ర పరిశోధన మండలి (ఐసీపీఆర్) ఫెలోషిప్‌లు పరిశోధక విద్యార్థులకు, ఆ పైవారికి. డిగ్రీ విద్యార్థికి ఉపయోగపడేది ఆ మండలి యువతకు నిర్వహించే వ్యాస పోటీ. దానికి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. వేసవిలో ఇంట్లోనే కూర్చుని వ్యాసం తయారు చేసుకోవచ్చు. మండలి అకడమిక్ కేంద్రం లక్నోలో ఉంది.

తర్కం మీద ఆసక్తి ఉంటే అసోసియేషన్ ఫర్ లాజిక్ ఇన్ ఇండియా నిర్వహించే 'ఇండియన్ స్కూల్ ఆన్ లాజిక్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్' గురించి తెలుసుకోవాలి. 2010లో దానికి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వేదికైంది. అది జనవరిలో జరిగింది కాబట్టి వేసవి సెలవులనే కాదు, ఏడాది పొడవునా ప్రకటనలు గమనించాలి.

ఏ ప్రకటనా లేని దారి మరొకటి ఉంది. తత్వశాస్త్ర శాఖలున్న విశ్వవిద్యాలయాల్లో ఒక అధ్యాపకుడికి ఉత్తరం రాసి, నాలుగు వారాలు ఒక పుస్తకం చదవడానికి మార్గదర్శకత్వం అడగడం. రాయ్‌పూర్‌లోని పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర విభాగం ఉంది. అయితే జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు సుమారు 300 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం. రైలెక్కితే కిరందుల్–విశాఖపట్నం మార్గం నేరుగా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊరికి చేరుస్తుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 వరకు వైస్ చాన్స్‌లర్‌గా ఉన్నదీ, కొత్త సచ్చిదానంద మూర్తి తత్వశాస్త్రం బోధించినదీ అక్కడే. బస్తర్ విద్యార్థికి దగ్గరి దారి ఒక్కోసారి సొంత రాష్ట్ర రాజధాని వైపు కాక తెలుగు నేల వైపు ఉంటుంది.

విదేశాల్లో: పేర్లు తెలిసుండాల్సినవి

అమెరికాలో డిగ్రీ విద్యార్థుల కోసమే నడిచే తత్వశాస్త్ర వేసవి శిబిరాలు కొన్ని ఉన్నాయి. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 2006లో మొదలైన 'పిక్సీ', రట్‌గర్స్ విశ్వవిద్యాలయ వేసవి సంస్థ, ఈ రంగంలో తక్కువగా కనిపించే వర్గాల విద్యార్థులకు ఖర్చులు భరించి మరీ శిక్షణ ఇస్తాయి. అయితే ఇవి ప్రధానంగా అక్కడి కళాశాలల్లో చదివేవారి కోసం ఉద్దేశించినవి. అమెరికాలో డిగ్రీ చేస్తున్న తెలుగు విద్యార్థులు వీటిని తప్పక చూడాలి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తర్కం, ఫార్మల్ ఎపిస్టమాలజీలో మూడు వారాల వేసవి పాఠశాల నడిపింది. దాని ప్రత్యేకత ఫీజు లేకపోవడం, వసతి ఉచితం కావడం. విమాన ఖర్చు మాత్రం విద్యార్థిదే.

ఐరోపాలో మ్యూనిక్‌లోని ఎల్‌ఎంయూ విశ్వవిద్యాలయం 2014లో విద్యార్థినుల కోసం గణిత తత్వశాస్త్ర వేసవి పాఠశాల ప్రారంభించింది. అది వారం రోజుల కార్యక్రమం. తర్కం, భాష, సమాచార శాస్త్రాల మీద 1989 నుంచి ఏటా ఒక్కో ఐరోపా నగరంలో రెండు వారాల పాటు జరిగే 'ఎస్లీ'కి నమోదు రుసుము ఉంటుంది.

వీటిలో దేనికైనా పాస్‌పోర్టు ముందే చేతిలో ఉండాలి. సాధారణ పాస్‌పోర్టు రుసుము రూ.1,500. ఎంపికయ్యాక దరఖాస్తు చేద్దామనుకుంటే వీసాకు వ్యవధి చాలదు.

ఇంటి నుంచే

ఎన్‌పీటెల్, స్వయం వేదికల్లో ఐఐటీ అధ్యాపకుల తత్వశాస్త్ర కోర్సులున్నాయి. పాఠాలు ఉచితం. ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష రుసుము కట్టాలి. ఎన్‌పీటెల్ కోర్సులు సాధారణంగా జనవరిలో, జులైలో మొదలవుతాయి. కాబట్టి వేసవిలో పాత వీడియోలు చూసి సిద్ధమై జులైలో నమోదు కావడం మేలు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా పూర్తిచేసే వీలుంది. అయితే ముందుగా కళాశాల ఒప్పుకోవాలి.

హిందీ మాధ్యమంలో చదివేవారికి ఇగ్నో పాఠ్యసామగ్రి దొరికే ఈజ్ఞానకోశ్ ఉపయోగపడుతుంది. ఇంగ్లిష్ వినగలిగితే పీటర్ ఆడమ్సన్ 2010లో మొదలుపెట్టిన తత్వశాస్త్ర చరిత్ర పాడ్‌కాస్ట్‌ను నెట్‌వర్క్ ఉన్నచోట దించుకుని, లేనిచోట వినొచ్చు. అందులో భారతీయ తత్వశాస్త్రంపై జొనార్డన్ గనేరితో, ఆఫ్రికా తత్వశాస్త్రంపై చైక్ జెఫర్స్‌తో కలిసి చేసిన భాగాలున్నాయి.

తప్పనిసరి ఇంటర్న్‌షిప్‌ను వాడుకోవడం

కొత్త డిగ్రీ విధానంలో ఇంటర్న్‌షిప్ ఒక భాగం. యూజీసీ లెక్కలో ఒక క్రెడిట్‌కు 30 గంటల పని. రెండు నుంచి నాలుగు క్రెడిట్లంటే 60 నుంచి 120 గంటలు. చాలామంది దీన్ని ఏదో ఒక దుకాణం నుంచో, కంప్యూటర్ సెంటర్ నుంచో సర్టిఫికెట్ తెచ్చి ముగిస్తారు. తత్వశాస్త్ర విద్యార్థికి మాత్రం ఇది చేజార్చుకోకూడని అవకాశం. ఎలాగూ చేయాల్సిన ఆ 60 గంటలు సొంత జిల్లాలోనే, సొంత భాషలోనే చేయొచ్చు.

జగదల్‌పూర్‌లో 1972లో ఏర్పడిన ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మ్యూజియం ఉంది. ఊరి పక్కన ఆస్నాలో, బస్తర్ కళలు, నృత్యం, సాహిత్యం కోసం 2021లో ప్రారంభమైన 'బాదల్' అకాడమీ ఉంది. బస్తర్ విశ్వవిద్యాలయంలో (ఇప్పుడు శహీద్ మహేంద్ర కర్మ విశ్వవిద్యాలయం) మానవశాస్త్రం, గిరిజన అధ్యయనాల విభాగం ఉంది. కళాశాల నుంచి లేఖ పట్టుకెళ్లి ఇక్కడ అడగడానికి రైలు టికెట్ కూడా అక్కర్లేదు.

ఊరే తరగతి గది అయితే

బస్తర్ గురించి రాసినవారు తక్కువేమీ కాదు. గ్రిగ్‌సన్ 1938లో మారియా గోండుల మీద, వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్ మీద పుస్తకాలు ప్రచురించారు. ఆల్ఫ్రెడ్ గెల్ 1982లో ఒక బస్తర్ సంతలో ఎవరు ఎక్కడ కూర్చుంటారన్న దాన్నిబట్టి సమాజ నిర్మాణాన్ని చదివారు. నందినీ సుందర్ 1997లో బస్తర్ చరిత్ర రాశారు. వీరిలో ఎక్కువమంది అడిగింది 'వీళ్లు ఏం నమ్ముతారు?' అని. 'నువ్వు ఎందుకు అలా అనుకుంటున్నావు, కాదంటే ఏం జవాబు చెబుతావు?' అని ఒక వ్యక్తిని అడగడం వేరు. అది తత్వశాస్త్రం పని.

ఈ తేడాను పద్ధతిగా మలిచినవాడు కెన్యా తత్వవేత్త హెన్రీ ఒడేరా ఒరుకా. ఆఫ్రికా తెగల సామూహిక విశ్వాసాలనే తత్వశాస్త్రం అనడం సరికాదని పౌలిన్ హౌంటొంజీ వంటివారు 1970లలో గట్టిగా వాదించారు. అలాగని చదువురాని పెద్దల్లో తత్వచింతన లేదనీ అనలేం. అందుకని ఒరుకా పల్లెల్లోని పెద్దలతో వ్యక్తులుగా సంభాషణలు జరిపించాడు. సంప్రదాయాన్ని చక్కగా అప్పజెప్పేవారిని, అదే సంప్రదాయాన్ని ప్రశ్నించి తమ కారణాలు తాము చెప్పేవారిని వేరుచేసి చూశాడు. ఆ పని 1990లో 'సేజ్ ఫిలాసఫీ' పేరుతో పుస్తకమైంది.

బస్తర్‌లో ఈ పనికి వేసవి సరైన కాలం. చైత్రంలో మాటీ తిహార్ వస్తుంది. మట్టికి, విత్తనానికి పూజ జరుగుతుంది. కొత్త మామిడికాయను పండుగ చేయకుండా తినకూడదన్న నియమం ఇక్కడా ఉంది, గోదావరి లోయ కోయల్లోనూ ఉంది. ఈ నియమం ఎందుకు? కాయ ముదిరేదాకా ఆగాలనా, పూర్వీకులకు మొదటి భాగం బాకీ ఉన్నామనా, ఊరంతా ఒకేసారి మొదలుపెట్టాలనా? ఎవరూ చూడకుండా తిన్నవాడు ఎవరికి అన్యాయం చేసినట్టు? నీతిశాస్త్రం పాఠ్యపుస్తకంలో కర్తవ్యం, ఫలితం, ఒప్పందం అని మూడు అధ్యాయాలుగా చదివేది ఇదే ప్రశ్న. దీన్ని గోండిలోనో, హల్బీలోనో, దోర్లాల మాటలోనో అడగగలిగేది ఆ ఊరి విద్యార్థే. కోంటా, భోపాల్‌పట్నం వైపు కొన్నిచోట్ల తెలుగులోనూ అడగొచ్చు.

రాజకీయ తత్వశాస్త్రానికీ ఇక్కడ పాఠ్యముంది. సల్వాజుడుం కేసులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ 2011 జులై 5న ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పు జోసెఫ్ కాన్‌రాడ్ నవలను తలుచుకుంటూ మొదలవుతుంది. అయిదో తరగతి చదివిన ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా దించే హక్కు రాజ్యానికి ఉందా అని అది అడుగుతుంది. ఆ ఏళ్లలో ఊళ్లు వదిలి గోదావరి వైపు వచ్చిన కుటుంబాలు నేటికీ తెలుగు రాష్ట్రాల అడవుల్లో ఉన్నాయి. హాబ్స్, లాక్‌ల సామాజిక ఒప్పందం పక్కన ఈ తీర్పును పెట్టి చదవడం ఏ వేసవి పాఠశాలకూ తీసిపోదు.

పాటించాల్సినవి

పెద్దల అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు. పేరు రాయవచ్చో లేదో అడగాలి. దేవగుడికి సంబంధించి బయటికి చెప్పకూడనిది చెప్పమని ఒత్తిడి చేయకూడదు. రాసింది వారికి వారి భాషలో చదివి వినిపించి, కాదన్నది తీసేయాలి. బయటి ఊరి విద్యార్థి అయితే గ్రామ పెద్దలకు, కళాశాలకు ముందే చెప్పి, స్థానికుల తోడుతోనే వెళ్లాలి. తునికాకు రోజుల్లో ఎవరికీ పగలు తీరిక ఉండదు. కల్లం దగ్గర ఆకు అప్పజెప్పాక సాయంత్రమే మాటలకు కుదురుతుంది. ఆ పొద్దున విద్యార్థి కూడా ఆకు కోసుకొచ్చి ఉంటే మాట మరింత తేలిగ్గా కలుస్తుంది, కూలీ పోదు.

ఏ నెలలో ఏం చేయాలి

నవంబర్–డిసెంబర్: పాస్‌పోర్టు, సిఫార్సు లేఖ ఇచ్చే అధ్యాపకుడితో మాట, రెండు పేజీల వ్యాసం.

జనవరి–మార్చి: ఐఐటీ, విదేశీ పాఠశాలల దరఖాస్తులు ఎక్కువగా ఈ నెలల్లోనే ఉంటాయి. తేదీలు, అర్హతలు ఏటా ఆయా సంస్థల ప్రకటనల్లో సరిచూసుకోవాలి.

ఏప్రిల్: ఇంటర్న్‌షిప్‌కు కళాశాల ఆమోదం, మ్యూజియం లేదా అకాడమీ అంగీకార లేఖ.

మే–జూన్: చదువు, సంభాషణలు, రాత.

జులై: ఎన్‌పీటెల్ నమోదు, ఇంటర్న్‌షిప్ నివేదిక. ఆ నివేదికే వచ్చే జనవరిలో పెట్టే దరఖాస్తుకు నమూనా వ్యాసం అవుతుంది.

మొదటి వేసవి ఊళ్లో చేసిన పని రెండో వేసవికి బయటి తలుపు తెరుస్తుంది. గాంధీనగర్‌లోనైనా మ్యూనిక్‌లోనైనా ఎంపిక చేసేవారికి ప్లేటో మీద వ్యాసాలు చాలా వస్తాయి. కొత్త మామిడి నియమం మీద ఒక గోండు పెద్ద చెప్పిన కారణాలను, వాటికి ఒక విద్యార్థిని లేవనెత్తిన అభ్యంతరాలను చదివే అవకాశం వారికి తరచుగా రాదు.