ఉద్యోగుల బ్యాచ్ శిక్షణ: కృష్ణా డెల్టాలోనూ తెలుగు నేలమీదా దాని చరిత్ర

ప్రభుత్వ శాఖల్లో, ప్రభుత్వరంగ సంస్థల్లో ఇప్పటికే పనిచేస్తున్నవారిని కొందరిని ఒక జట్టుగా చేర్చి, కొన్ని వారాలో నెలలో ఒకేచోట ఉంచి, పనిని నడిపించే పద్ధతి నేర్పడమే బ్యాచ్ శిక్షణ. కాలేజీలో కూర్చునేవాళ్లకు ఉద్యోగం ఇంకా ముందుంటుంది. ఈ బ్యాచ్‌లో కూర్చున్నవాళ్ల వెనుక పదేళ్లో ఇరవయ్యేళ్లో సర్వీసు ఉంటుంది. అందుకే ఇక్కడ పక్కన కూర్చున్నవారి అనుభవమే సగం పాఠం.

ఈ శిక్షణ అవసరం తెలియాలంటే హనుమాన్ జంక్షన్ లాంటి చోటు చూడాలి. కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలో, విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే కూడలి ఇది. పెద్ద వానకు ఇక్కడ నీళ్లు నిలిచాయనుకుందాం. కాలువ గట్టు జలవనరుల శాఖది, మునిగిన చేను లెక్క రెవెన్యూది, పంట నష్టం వ్యవసాయ శాఖది, తాగునీరు పంచాయతీది, పడిపోయిన స్తంభం విద్యుత్ సంస్థది, ఆగిపోయిన బస్సు ఆర్టీసీది. ఎవరి ఫైలు వారికి బాగా తెలుసు. పక్క శాఖ ఫైలు ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు తక్కువ. ఆ లోటు తీర్చడానికే ఈ శిక్షణ పుట్టింది.

వెనకటి పద్ధతి

అంతకు ముందు శిక్షణ అంటే ఒక పెద్దమనిషి చేతికింద పని నేర్చుకోవడం. కరణం కొడుకు తండ్రి పక్కన కూర్చుని అడంగలు రాయడం, శిస్తు లెక్క కట్టడం నేర్చేవాడు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తై డెల్టా అంతటా కాలువ నీళ్లు పారాక ఆ లెక్కలు మరింత చిక్కుబడ్డాయి. అయినా నేర్చుకునే తీరు మారలేదు. తాలూకా కచేరీలో గుమాస్తా పైగుమాస్తా దగ్గర, ఓవర్సీరు ఇంజనీరు దగ్గర నేర్చుకునేవారు. రెవెన్యూ టెస్టు, అకౌంట్ టెస్టు వంటి డిపార్ట్‌మెంటల్ పరీక్షలు దీనికి తోడయ్యాయి. అవి నేటికీ ఉన్నాయి, ప్రమోషన్ కావాలంటే పాస్ కావాల్సిందే. నియమాల పుస్తకం ఎక్కడ తెరవాలో ఆ పరీక్ష నేర్పుతుంది. పదిమందిని కలుపుకొని ఒక పని ఎలా పూర్తి చేయాలో నేర్పడం దాని వల్ల కాదు. వంశపారంపర్యంగా వచ్చిన కరణం, మునసబు పదవులను ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో రద్దు చేసింది. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే ఆ బడి దాంతో పూర్తిగా మూతబడింది.

గ్రామ సేవకుల బ్యాచ్‌లు

జట్టుగా నేర్పడం పెద్ద ఎత్తున మొదలైంది 1952 అక్టోబర్ 2న ఆరంభమైన సమాజ వికాస పథకంతో. ఊళ్లలో తిరిగే గ్రామ సేవకులను తయారు చేయడానికి విస్తరణ శిక్షణ కేంద్రాలు కావాల్సి వచ్చాయి. కోస్తాలో సామర్లకోట, బాపట్ల కేంద్రాల పేర్లు ఇప్పటికీ పంచాయతీరాజ్ ఉద్యోగుల నోట వినిపిస్తాయి. ఇదే పథకం కోసం 1958లో ముస్సోరీలో పెట్టిన కేంద్ర సంస్థ తరువాతి దశకంలో హైదరాబాద్ రాజేంద్రనగర్‌కు తరలింది. నేటి జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ అదే.

బెల్లా విస్టా

పై స్థాయి అధికారులకు మేనేజ్‌మెంట్ శిక్షణ ఇచ్చే తొలి పెద్ద ప్రయత్నం కూడా తెలుగు నేలమీదే జరిగింది. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా 1956లో ఏర్పడింది. నిజాం పెద్దకొడుకు ఉన్న బెల్లా విస్టా భవనం దానికి నెలవైంది. సైన్యాధిపతిగా పనిచేసి విరమించిన జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్ 1957లో తొలి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. తరువాత ఆయన ఆంధ్రప్రదేశ్ గవర్నర్ కూడా అయ్యారు. రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన ఎం. నరసింహం, కేంద్రంలో కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ ఆ ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్న తెలుగువారు.

ఈ కాలేజీకి నమూనా ఇంగ్లండులో థేమ్స్ ఒడ్డున హెన్లీలో ఉన్న స్టాఫ్ కాలేజీ. అక్కడ తొలి కోర్సు 1948లో జరిగింది. అక్కడి నుంచి తెచ్చుకున్న అసలైన సరుకు సిండికేట్ పద్ధతి. మన ఊళ్లలో సిండికేట్ అంటే సారా వ్యాపారుల కూటమి గుర్తొస్తుంది గాని, ఇక్కడ దాని అర్థం వేరు. బ్యాచ్‌ను పదిమంది చొప్పున చిన్న జట్లుగా విడదీస్తారు. ఒక్కో జట్టులో ప్రభుత్వ అధికారి, ప్రభుత్వరంగ సంస్థ మేనేజరు, ప్రైవేటు కంపెనీ మనిషి, సైనికాధికారి కలిసేలా చూస్తారు. ఒక సమస్య ఇస్తారు. దానికి ఒకరు అధ్యక్షుడు, ఒకరు కార్యదర్శి. వారం తిరిగి సమస్య మారేసరికి నిన్నటి అధ్యక్షుడు మామూలు సభ్యుడైపోతాడు. ఆఫీసులో తాను చెప్పిందే చివరి మాటగా సాగిన అధికారి, ఇక్కడ తనకంటే చిన్న హోదా మనిషి అధ్యక్షత కింద కూర్చుని, చేయెత్తి, తన వంతు కోసం ఆగాలి. చివర్లో జట్టు అంతా కలిసి ఒక నివేదిక రాసి, మిగతా జట్ల ముందు నిలబడి సమర్థించుకోవాలి. దీనికి మార్కులు ఉండవు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే విలువైనది ఈ చిన్న ఏర్పాటే.

కృష్ణా జిల్లా బస్సుల కేసు

అధికారులకు ఎలాంటి పాఠం కావాలో అదే రోజుల్లో కృష్ణా జిల్లా దేశానికి చూపించింది. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వపరం చేయడానికి స్కీము వచ్చింది. బస్సు యజమానుల అభ్యంతరాలను శాఖ కార్యదర్శి విన్నారు. నిర్ణయం మాత్రం ముఖ్యమంత్రి తీసుకున్నారు. యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1958 నవంబరులో కోర్టు ఆ ఆమోదాన్ని కొట్టేసింది. ఒకరు విని మరొకరు తీర్పు చెబితే ఆ విచారణకు అర్థం లేదని న్యాయమూర్తి కోకా సుబ్బారావు మెజారిటీ తీర్పులో తేల్చారు. తరువాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విన్నారు.

పాలనా న్యాయం పాఠ్యపుస్తకాల్లో ఈ కేసు ఇప్పటికీ ఉంటుంది. కృష్ణా జిల్లా బస్సుల తగాదా ఢిల్లీ దాకా వెళ్లి పాఠమైంది. ఆ వ్యవహారంలో ఎవరూ దురుద్దేశంతో తప్పు చేయలేదు. నడుస్తున్న పద్ధతే సరైనదనుకున్నారు. పని నడిపే పద్ధతిని విడిగా కూర్చుని ఎందుకు నేర్చుకోవాలో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ డెల్టావాసికి దొరకదు.

ప్రభుత్వరంగ సంస్థలకు ప్రత్యేకంగా

1960లలో ప్రభుత్వమే ఫ్యాక్టరీలు, బస్సులు, విద్యుత్తు నడుపుతోంది. శాఖ నడపడం వేరు, సంస్థ నడపడం వేరు. సంస్థకు లాభనష్టాల పట్టీ ఉంటుంది, కార్మిక సంఘం ఉంటుంది, పైన మంత్రిత్వశాఖ ఉంటుంది. ఈ మూడింటి మధ్య నలిగే మేనేజర్ల కోసం 1964లో ఉస్మానియా ప్రాంగణంలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ ఏర్పడింది. ఐసీఎస్ అధికారి ఎస్.ఎస్. ఖేరా తొలి అధ్యక్షుడు, ఆర్థికశాస్త్రవేత్త వి.వి. రామనాథం వ్యవస్థాపక డైరెక్టరు. కొద్దిరోజుల కోర్సులతో మొదలైన ఈ సంస్థ తరువాత, పనిచేస్తున్న ఎగ్జిక్యూటివ్‌లు ఒకే బ్యాచ్‌గా చదివే ఎంబీఏ దాకా వచ్చింది.

డెల్టాలో అలాంటి సంస్థలకు కొదవ లేదు. ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయం అయింది. అదే ఊళ్లోని ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1980లలో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది.

రాష్ట్రం సొంత సంస్థ, విభజన తరువాత

రాష్ట్ర ఉద్యోగుల కోసం 1976లో హైదరాబాద్‌లో పాలనా సంస్థ ఏర్పడింది. ముఖ్యమంత్రిగా పనిచేసిన మర్రి చెన్నారెడ్డి పేరును తరువాత దానికి పెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో గ్రూపు సర్వీసులకు ఎంపికైనవారు తొలి శిక్షణ పొందింది అక్కడే. ఒకే బ్యాచ్‌లో కూర్చున్న డిప్యూటీ కలెక్టరు, డీఎస్పీ, వాణిజ్యపన్నుల అధికారి ఇరవయ్యేళ్ల తరువాత కూడా ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు. శాఖల మధ్య లేఖతో వారాలు పట్టే పని ఆ ఫోన్‌తో పూర్తవుతుంది. బ్యాచ్‌మేట్ అన్న మాటకు మన ఆఫీసుల్లో ఉన్న బరువు అక్కడి నుంచే వచ్చింది.

2014లో రాష్ట్రం విడిపోయాక ఆ ప్రాంగణం తెలంగాణలో ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ తన మానవ వనరుల అభివృద్ధి సంస్థను బాపట్లలో పెట్టుకుంది. గ్రామ సేవకులు నేర్చుకున్న ఊరికే, అరవై ఏళ్ల తరువాత, రాష్ట్ర శిక్షణ తిరిగొచ్చింది.

2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు లక్షకు పైగా కొత్త ఉద్యోగులు ఒక్కసారే చేరారు. పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, సర్వేయరు, ఏఎన్ఎం, ఇంజనీరింగ్, డిజిటల్, వ్యవసాయ సహాయకులు, మహిళా పోలీసు ఒకే కప్పు కింద కూర్చున్నారు. ఊరిస్థాయిలో ఇది సిద్ధంగా ఉన్న సిండికేట్. అయినా వారికి శిక్షణ ఎక్కువగా శాఖలవారీగా సాగింది. ప్రొబేషన్ ఖరారుకు మళ్లీ పాత డిపార్ట్‌మెంటల్ పరీక్షలే గీటురాయి అయ్యాయి. పదిమందినీ కలిపి ఒక ఊరి సమస్య ఇచ్చి, వంతులవారీగా అధ్యక్షత వహింపజేసి ఉంటే ఆ వ్యవస్థ ఇంకా గట్టిపడేదని ఈ వ్యాసకర్త నమ్మకం.

కొండపావులూరు

ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌కు దగ్గర్లోనే, గన్నవరం మండలం కొండపావులూరులో, ఒక జాతీయ శిక్షణ సంస్థ ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణాన్ని కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2025 జనవరి 19న ప్రారంభించారు. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదో బెటాలియన్ కూడా అక్కడే ఉంది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచిన జిల్లా ఇది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు అన్ని శాఖల ఉద్యోగులూ ఒకేసారి రోడ్డు మీద ఉన్నారు. పడవలు ఎటు పంపాలి, పాల ప్యాకెట్లు ఏ వీధికి ముందు చేరాలి, ఏ ఫీడరుకు కరెంటు ఎప్పుడు ఇవ్వాలి అన్నవి గంటగంటకూ తేల్చుకోవాల్సిన విషయాలు. ఒక శాఖ నిర్ణయం మరో శాఖ పనిని ఆపేయగలదు. తహసీల్దారు, విద్యుత్ ఏఈ, డ్రైనేజీ ఇంజనీరు, ఆర్టీసీ డిపో మేనేజరు వరద రాకముందే ఒక మ్యాపు చుట్టూ కూర్చుని వాదించుకోవడానికి చోటు కావాలి. జంక్షన్ నుంచి బస్సెక్కితే గంటలోపు చేరగల దూరంలో ఇప్పుడు ఆ చోటు ఉంది.