తెల్లకార్డుకు ఎక్కువ, ఫ్లాట్‌కు తక్కువ.. హైదరాబాద్‌లో మధ్యతరగతి ఇల్లు

నెలకు యాభై, అరవై వేలు సంపాదించే నర్సు, ప్రైవేటు టీచరు, షోరూం అకౌంటెంట్. నగరాన్ని నడిపేది వీళ్లే, కిరాయి ఇళ్లలో ఉండేదీ వీళ్లే. తెలంగాణలో పట్టణ కుటుంబానికి ఆహార భద్రత కార్డు రావాలంటే ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు. పేదలకు ఉచితంగా ఇచ్చే 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇళ్లకు ఆ లెక్కన వీరు అర్హులు కారు. బిల్డర్ చెప్పే ధర అందుకోలేరు.

ఈ మధ్యలోని వాళ్ల కోసమే 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాజీవ్ స్వగృహ కార్పొరేషన్ పెట్టింది. మార్కెట్ కంటే 25 శాతం తక్కువకు ఫ్లాట్లు ఇస్తామన్నది మాట. ఆలోచన మంచిదే, లెక్కే తప్పింది. కట్టుబడి ఖర్చు, అప్పుల మీద వడ్డీ పెరిగాయి. వాటితో పాటే ఫ్లాట్ ధరా పెరిగింది. దరఖాస్తు చేసిన చాలామంది వెనక్కి తగ్గారు. బండ్లగూడ, పోచారంలో టవర్లు ఏళ్ల తరబడి అలాగే నిలబడిపోయాయి. (ఈ బండ్లగూడ నాగోల్ దగ్గరిది, చాంద్రాయణగుట్ట వైపుది కాదు.)

చివరికి 2022లో లాటరీ తీసి అమ్మారు. బండ్లగూడలో పూర్తయిన ఫ్లాట్‌కు చదరపు అడుగు రూ.3,000, పని మిగిలిన దానికి రూ.2,750. అంటే 1,200 అడుగుల ఫ్లాట్ 36 లక్షలు. అప్పటి నాగోల్ రేట్లతో చూస్తే చౌకే. అయితే 2007లో ఆశపడ్డ కుటుంబం అప్పటికి పదిహేనేళ్ల కిరాయి కట్టేసింది.

ఇప్పుడున్న దారి ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండాలి, దేశంలో ఎక్కడా సొంత పక్కా ఇల్లు ఉండకూడదు. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటొద్దు. మొదటి 8 లక్షల లోన్ మీద 4 శాతం వడ్డీ రాయితీ, మొత్తం గరిష్ఠంగా రూ.1.80 లక్షలు, ఐదు వార్షిక వాయిదాల్లో. ఆ డబ్బు లోన్ ఖాతాలోకే పోతుంది. వడ్డీ లోన్ వద్దనుకుని బంగారం అమ్మి, చిట్టీ ఎత్తి కొనుక్కునే ఇళ్లకు దీంతో పైసా లాభం లేదు. 6 నుంచి 9 లక్షల ఆదాయం వాళ్లకు ఈ పథకంలో ఉన్నది మాత్రం ఈ రాయితీ ఒక్కటే. 35 లక్షలకు మెహదీపట్నం, టోలిచౌకి చుట్టుపక్కల కొత్త ఫ్లాట్ దొరకడం కష్టం. శివార్లకు పోవాల్సిందే, రోజూ బస్సు ఖర్చు అదనం.

కొనేముందు జీఎస్టీ కూడా చూసుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి నిర్మాణంలో ఉన్న ఇల్లు 45 లక్షల లోపు, హైదరాబాద్‌లో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్ల (సుమారు 645 అడుగులు) లోపు ఉంటే 1 శాతం, రెండింట్లో ఏది దాటినా 5 శాతం. 45 లక్షల మీద పన్ను 45 వేలు. 46 లక్షలైతే 2 లక్షల 30 వేలు. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొన్న ఫ్లాట్‌కు జీఎస్టీ ఉండదు.