జొన్నరొట్టెయు, వరియన్నమును

నిజాము ఏలుబడిలోను, 1956 పిమ్మట ఆంధ్రప్రదేశమునందలి మెదకు జిల్లాలోను ఉండి, 2016లో సంగారెడ్డి జిల్లాయందు మండలకేంద్రమైన సిర్గాపూర్ నారాయణఖేడ్ ప్రాంతపు గ్రామము. కర్ణాటక సరిహద్దునకు చేరువైన ఈ మెట్టసీమలో తరతరములుగా ఆకలి దీర్చిన ధాన్యము జొన్న. వేడినీళ్లతో పిండి పిసికి, అరచేతులతో తట్టి, పెనముపై వేసి, తడిగుడ్డతో నీరద్ది కాల్చిన రొట్టెయు, తోడుగా పప్పో పచ్చికారమో, ఇదియే కాపుల నిత్యభోజనము. వరియన్నము పండుగకును, పెండ్లికిని, చుట్టము వచ్చిన నాటికిని దాచుకొనబడెడి గౌరవభోజనము.

ఆహారము దేహమున కేమిచేయునను ప్రశ్నకు మన దేశమున దీర్ఘచరిత్ర కలదు. 1918లో కూనూరునందు మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి ఆరంభించిన పరిశోధనయే క్రమముగా పెరిగి, హైదరాబాదునకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. జొన్నయే ముఖ్యాహారమైన దక్కను పేదలలో కానవచ్చు పెల్లాగ్రా వ్యాధికి ఆ ధాన్యమందలి ల్యూసిన్ అను అమైనో ఆమ్లము కారణము కావచ్చునని ఆ సంస్థ పరిశోధకులైన గోపాలన్, శ్రీకంఠయ్యలు 1960లో ప్రతిపాదించిరి. చర్మమునే గాక మనస్సునుగూడ క్రుంగదీయు రోగ మది.

అయితే మనుష్యుడు ఒక ఆహారమును ఏల కోరును, వేరొకదాని నేల త్యజించును? ఈ ప్రశ్నకై జీవితమును ధారవోసిన మనస్తత్త్వవేత్త పాల్ రోజిన్. 1936లో జన్మించి, 1963 నుండి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున బోధించిన ఆయన, తొలుత థయమిన్ అను విటమిన్ లోపించిన ఎలుకలు తమ ఆహారము నెట్లు ఎన్నుకొనునో పరీక్షించి, ఆ పిమ్మట మనుష్యులవైపు మరలెను. మెక్సికో దేశపు పల్లెలో మిరపకాయను గూర్చి ఆయన చేసిన పరిశీలనము 1980లో వెలువడినది: పసితనమున కారమును తిరస్కరించిన బిడ్డలే, ఎవ్వరును బలవంతపెట్టకుండగనే, పెద్దల పంక్తిలో కూర్చుండి అయిదారేండ్లు మొదలుకొని దానిని ఇష్టపడసాగుదురు, ఆ యింటి ఎంగిలినే తిను కుక్కలకును పందులకును మాత్రము ఆ రుచి అబ్బదు. మిరపను అమెరికా ఖండమునుండి పొంది తనదిగా చేసికొన్న తెలుగువానికి ఇంతకంటె ఆత్మీయమైన శాస్త్రము వేరొకటి గలదా?

ఈ దృష్టితో చూచిన, 1983లో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఆరంభించిన రెండు రూపాయల కిలోబియ్యపు పథకము ఆకలి నెరిగిన యిండ్లకు మహోపకారమగుటయే గాక, రుచిచరిత్రలో పెనుమార్పునుగూడ తెచ్చినది. పండుగనాటి గౌరవము దినదినమును విస్తరిపై నిలువగా, రొట్టె తట్టు చేతులు తగ్గినవి. పెద్దలు దేనిని తినుట చూచునో దానినే బిడ్డ కోరునుగదా! అదే 1983లో పొరుగున జహీరాబాదు ప్రాంతమందు నెలకొన్న దక్కను అభివృద్ధి సంఘపు స్త్రీలు మాత్రము బీడునేలలను సాగుచేసి, తమ జొన్నలను తామే నిలువచేసి, తమ యూళ్ల పేదలకు తామే పంచిపెట్టిరి. నా మనస్సునకు ఆ స్త్రీలు చేసిన పని పోషణశాస్త్రముకంటెను రోజిన్ శాస్త్రమునకే సన్నిహితము. ఏలనన, ధాన్యముతోపాటు దానికి మర్యాదనుగూడ వారు పంచిరి.