నైట్ కాని స్క్వైర్లు

ఏడో ఏట పేజ్, పద్నాలుగో ఏట స్క్వైర్, ఇరవయ్యొకటో ఏట నైట్. మధ్యయుగ ఐరోపాను పరిచయం చేసే పుస్తకాల్లో, సినిమాల్లో, కంప్యూటర్ ఆటల్లో తరచూ కనిపించే లెక్క ఇది. ఈ లెక్క ప్రకారం స్క్వైర్ అంటే రేపో మాపో నైట్ కాబోయే కుర్రవాడు. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. ఇంగ్లండు సంగతే చూసినా, 13వ శతాబ్దం నడిమి నుంచి స్క్వైర్లలో చాలామంది స్క్వైర్లుగానే బతికారు, స్క్వైర్లుగానే పోయారు. వాళ్లను మధ్య మెట్టుగా మాత్రమే చూస్తే ఆ సమాజం సగమే అర్థమవుతుంది.

ఈ లెక్కకు ప్రాచుర్యం తెచ్చినవాడు 18వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు లా కుర్న్ ద సెంత్-పలే. 1759లో అచ్చయిన ఆయన గ్రంథానికి వీరగాథలే ప్రధానమైన ఆధారం. కవులు ఆదర్శంగా చెప్పినదాన్ని ఆయన ఆచారంగా నమోదు చేశాడు. వాల్టర్ స్కాట్ 1818లో షివల్రీ (నైట్ల ఆదర్శ ధర్మం) మీద రాసిన వ్యాసంలో ఆయన్నే అనుసరించాడు. మరుసటి ఏడాది చివర్లో స్కాట్ నవల ‘ఐవన్‌హో’ వచ్చింది. ఆ తర్వాత షివల్రీ గురించి జనం ఊహించుకున్నదంతా ఆ రంగులోనే సాగింది.

అసలు మనుషుల వయసులు ఈ లెక్కకు లొంగవు. ఆంజూ ప్రాంతపు జెఫ్రీ 1128లో నైట్ అయినప్పుడు పద్నాలుగు నిండి ఇంకా ఏడాది కాలేదు. బ్లాక్ ప్రిన్స్‌గా పేరుపొందిన ఎడ్వర్డ్‌ను 1346లో నార్మండీ తీరాన దిగగానే తండ్రి నైట్‌ను చేశాడు, అప్పటికి పదహారేళ్లు. 1306లో వెస్ట్‌మినిస్టర్‌లో అప్పటి రాజకుమారుడితో పాటు రెండు వందల యాభై మందికి పైగా ఒకేసారి నైట్లయ్యారు. అది స్కాట్లండు మీదికి దండు కదలబోతున్న వేళ. వయసు కన్నా అవసరం, అవకాశం, డబ్బు ముఖ్యమని ఈ ఉదాహరణలే చెబుతాయి.

స్క్వైర్ చరిత్రలో తొలిదశను త్వరగా దాటవచ్చు. 12వ శతాబ్దం మొదట్లో స్క్వైర్ ఒట్టి సేవకుడు. డాలు మోయాలి, గుర్రాలకు మేత తేవాలి, కవచం తోమాలి. 1129 నాటి టెంప్లర్ల (సన్యాస నియమాలు పాటించే నైట్ల సంఘం) నియమావళి ఒక్కో నైటుకు మూడు గుర్రాలు, ఒక స్క్వైర్ చొప్పున కేటాయించింది. జీతం ఆశించక పుణ్యం కోసం సేవచేసే స్క్వైర్‌ను తప్పు చేసినా కొట్టకూడదని కూడా అందులో ఉంది. కూలికి వచ్చినవాడి గతి ఏమిటో దీన్ని బట్టే ఊహించుకోవచ్చు. ఇదే శతాబ్దంలో పెద్దింటి పిల్లలూ ఈ కొలువులో చేరసాగారు. తర్వాత రాజప్రతినిధిగా ఇంగ్లండునే ఏలిన విలియం మార్షల్ నార్మండీలో టాంకర్విల్ ప్రభువు ఇంట స్క్వైర్‌గా ఉన్న రోజుల్లో, తిండికీ నిద్రకూ తప్ప పనికిరాడని తోటివాళ్లు ఎగతాళి చేశారని ఆయన పద్యజీవితచరిత్ర చెబుతుంది.

అసలు మలుపు 13వ శతాబ్దంలో ఉంది. నైట్ కాదగిన ఆస్తి ఉన్నవాళ్లే నైట్ కావడం మానేశారు. ఎంతగా మానేశారంటే, రాజు బలవంతపెట్టాల్సి వచ్చింది. 1224లో మూడో హెన్రీ అలాంటి ఆజ్ఞ ఇచ్చాడు. 1278లో మొదటి ఎడ్వర్డ్ ఏడాదికి 20 పౌండ్ల భూమి రాబడి ఉన్న ప్రతివాడూ నైట్ కావాలన్నాడు. 1292లో ఆ హద్దు 40 పౌండ్లకు పెరిగింది. కవులు అంతగా పొగిడిన గౌరవాన్ని అందుకోవడానికి మనుషులు వెనకాడారంటే, ఆ సమాజాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

కారణం దగ్గర పండితుల్లో తగాదా ఉంది. ధరలు పెరిగాయి, యుద్ధాశ్వాలు, కవచాలు భారమయ్యాయి, అప్పుల్లో భూములు పోయాయి అన్నది ఒక వాదం. పోస్టన్, పీటర్ కాస్ వంటివారు నైట్ల వర్గమే సంక్షోభంలో పడిందన్నారు. డేవిడ్ కార్పెంటర్ 1980లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ కుటుంబాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, వాటిలో చాలావరకు నిలదొక్కుకున్నాయని చూపాడు. నేను కార్పెంటర్ వైపే మొగ్గుతాను. ఖర్చు నిజమే, కానీ అది ఒక్కటే చాలదు. ఆస్తి చెక్కుచెదరని కుటుంబాలూ నైట్ పదవిని వద్దనుకున్నాయి మరి.

నాకు బలంగా తోచే కారణం కచేరీ చాకిరీ. భూమి హక్కు తేల్చే గ్రాండ్ అసైజ్ విచారణలో కూర్చోవాల్సింది నైట్లే. నలుగురు నైట్లు కలిసి పన్నెండు మంది నైట్లను ఎంచాలి, ఆ పన్నెండుగురు తీర్పు చెప్పాలి. దీనికి తోడు కరోనర్ పని, రాజు పంపే రకరకాల విచారణలు. నైట్ల సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల మీద బరువు పెరిగింది, బరువు పెరిగేకొద్దీ ఇంకొందరు తప్పుకున్నారు. పైగా రాజే డబ్బు పుచ్చుకుని మినహాయింపు పత్రాలు ఇచ్చాడు. ఈ మినహాయింపుల వల్ల చాలా కౌంటీల్లో గ్రాండ్ అసైజ్ జరపడానికి నైట్లు కరవయ్యారని 1258లో బారన్లు రాజుకిచ్చిన విన్నపపత్రంలో వాపోయారు. అయితే ఈ వాదన ఇంగ్లండుకే వర్తిస్తుంది. ఫ్రాన్సులో ఈ విచారణ పద్ధతి లేదు, అయినా అక్కడా నైట్లు తగ్గారు. కనుక ఖర్చు సంగతిని పూర్తిగా కొట్టిపారేయలేను.

ఏదేమైనా ఫలితం ఒక్కటే. భూమి, గుర్రం, కవచం ఉండి నైట్ బిరుదు మాత్రం లేని పెద్దమనుషుల వర్గం ఒకటి తయారైంది. 14వ శతాబ్దపు చట్టాలు వాళ్లను ఒక అంతస్తుగా గుర్తించాయి. 1363 నాటి దుస్తుల చట్టం రాబడిని బట్టి స్క్వైర్లను విడదీసి, ఎవరు పట్టు కట్టవచ్చో నిర్ణయించింది. 1379 తలపన్నులో నైట్ కాదగిన స్క్వైర్ నైటుతో సమానంగా 20 షిల్లింగులు కట్టాలి, అంతకన్న చిన్నవాడు 6 షిల్లింగుల 8 పెన్స్, భూమి లేక కొలువులో ఉన్నవాడు 3 షిల్లింగుల 4 పెన్స్. యుద్ధంలో నైటుకు రోజుకు 2 షిల్లింగులు, స్క్వైర్‌కు ఒకటి. 1415లో అజిన్‌కూర్ యుద్ధానికి వెళ్లిన ఆంగ్ల సైన్యంలో కవచం తొడిగి పోరాడినవాళ్లలో అత్యధికులు ఈ ఒక్క షిల్లింగు మనుషులే.

కవి ఛాసర్ వీళ్లలో ఒకడు. మూడో ఎడ్వర్డ్ కొలువులో స్క్వైర్. ఫ్రాన్సులో పట్టుబడితే 1360లో విడుదల సొమ్ముకు రాజు 16 పౌండ్లు ఇచ్చాడు. 1386లో స్క్రోప్, గ్రోవ్నర్ కుటుంబాలు ఒకే డాలు చిహ్నం కోసం వాదులాడుకున్నప్పుడు నలభై దాటిన ఛాసర్ స్క్వైర్ హోదాలో సాక్ష్యం చెప్పాడు. లండన్‌లో ఫ్రైడే స్ట్రీట్‌లో నడుస్తూ ఒక ఇంటి ముందు వేలాడుతున్న ఆ చిహ్నాన్ని చూసి, ఇది ఎవరిదని అడిగిన సంగతి అందులో ఉంది. ఆయన ఎన్నడూ నైట్ కాలేదు. ‘కాంటర్బరీ కథల్లో’ తండ్రి ముందు మాంసం కోసి వడ్డించే ఇరవయ్యేళ్ల స్క్వైర్‌ను విమర్శకులు మెట్ల లెక్కకు రుజువుగా చూపుతారు. ఆ పాత్రను రాసినవాడే నడివయసు స్క్వైర్ అన్నది మరచిపోతారు. స్పెయిన్‌లోనూ అంతే. 1554 నాటి ‘లాజరీయో’ అనే కథలో కథ చెప్పే కుర్రాడి మూడో యజమాని ఒక స్క్వైర్. ఇంట్లో గింజ లేకపోయినా వీధిలో దర్పం తగ్గదు. నైట్ కావాలన్న ఆశ అతని కథలో ఎక్కడా లేదు, ఉన్న పరువును కాపాడుకోవడమే అతని జీవితం.

ఆధునిక పరిశోధన మీద నాకు గౌరవం ఉంది, కొన్ని సందేహాలూ ఉన్నాయి. మారిస్ కీన్ షివల్రీని కవుల కలగా కొట్టిపారేయకుండా ఆచరణగా చూపాడు. రిచర్డ్ కాయపర్ అందులోని హింసను మొహమాటం లేకుండా బయటపెట్టాడు. ఇద్దరూ పెద్ద చరిత్రకారులే, ఇద్దరి కేంద్రమూ నైటే. 1369 నుంచి 1453 దాకా ఆంగ్ల సైన్యాల హాజరు పట్టీలను క్రోడీకరించిన ఆన్ కర్రీ, ఏడ్రియన్ బెల్ బృందం పని నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. బిరుదు లేని పేర్లు అందులో వరుసగా కనిపిస్తాయి. అయితే ఆ పట్టీలు రాసింది జీతం చెల్లించడానికి. జీతం కవచధారికీ విలుకాడికీ ముట్టింది. వాళ్ల గుర్రాలను పట్టుకుని వెనకాల నడిచిన కుర్రాళ్లు, మొదటి స్క్వైర్లు చేసిన పనే చేసినవాళ్లు, సాధారణంగా ఆ పట్టీలకు ఎక్కలేదు. స్క్వైర్ పెద్దమనిషి అయ్యాక ఆ చాకిరీ ఎవరి మీద పడిందో చెప్పే చరిత్ర ఇంకా పలచగానే ఉంది.