సేద్యం చదవడానికి పరదేశమెందుకు?



మా అన్న మనవడు వ్యవసాయ డిగ్రీ పూర్తిచేసి, పైచదువుకు అమెరికా పోతానన్నాడు. అందుకు ఎకరం పొలం అమ్మాలి. "తమ్మీ, దున్నేది ఈడైతే నేర్చుకునుడు ఆడనా?" అన్నాడు అన్న. బొగ్గుబాయిలో బతుకంతా గడిపిన నా దగ్గర జవాబు లేదు. పుస్తకాలు తిరగేశాను.

ఇది కొత్త దారి కాదు. అమెరికాలో 1862 నాటి చట్టంతో రాష్ట్రాలకు భూములిచ్చి వ్యవసాయ కళాశాలలు పెట్టించారు. 1887లో పరిశోధనా కేంద్రాలు, 1914లో రైతు దగ్గరికే వెళ్లి చెప్పే విస్తరణ సేవ వాటికి తోడయ్యాయి. పాఠం, ప్రయోగం, ప్రచారం ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 1964 జూన్ 12న ఏర్పడిన మన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ నమూనాలోనిదే. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం 1972 వరకు దానికి తోడ్పడింది. అక్కడి ఆచార్యులు రాజేంద్రనగర్ వచ్చారు. మనవాళ్లు అక్కడికి వెళ్లి చదివారు.

అయితే కాన్సాస్ గోధుమ నేల. మనది వరి, పత్తి, మొక్కజొన్న. వాళ్ల సేద్యాన్ని ఉన్నదున్నట్టు తెస్తే ఇక్కడ పనికిరాదు. మరి తెచ్చుకోవలసిందేమిటి? వాళ్లు చేసిన తప్పు, దాన్ని దిద్దుకున్న తీరు. అక్కడ గడ్డినేలలను విచ్చలవిడిగా దున్నేశారు. 1930లలో కరువు రాగానే పైమట్టి దుమ్మై ఎగిరిపోయింది. వేలాది కుటుంబాలు ఊళ్లు విడిచాయి. 1935లో నేల సంరక్షణకు ప్రత్యేక శాఖే పెట్టవలసి వచ్చింది.

పైమట్టి విలువ గోదావరిఖని వాళ్లకు వేరే చెప్పాలా? ఓపెన్‌కాస్టులో పైమట్టిని విడిగా తీసి దాచకపోతే అది అడుగున పడుతుంది, లోపలి రాయి పైకొస్తుంది. అలాంటి గుట్టమీద మొక్క నిలవడమెంత కష్టమో కళ్లారా చూసినవాళ్లం. 1980లో రామగుండంలో మన బొగ్గుతోనే యూరియా తయారైంది. కానీ ఎన్ని బస్తాలు చల్లినా పోయిన పైమట్టి తిరిగి రాదు.

ఇదంతా అన్నకు చెప్పాను. ఎకరం అమ్మలేదు. బ్యాంకు అప్పుకు నేను జామీను సంతకం పెట్టాను. నా పింఛను మీద భారమని తెలిసే పెట్టాను. పిల్లవాడికి ఒకటే షరతు: తిరిగొచ్చాక మొదట ఆ ఎకరం మట్టిని పరీక్షించి, తాత పక్కన కూర్చుని ఫలితం చెప్పాలి.

మీ ఇళ్లలోనూ ఇలా వెళ్లే పిల్లలుంటే ఆపకండి. అక్కడివాళ్లు ఏం పోగొట్టుకుని ఏం నేర్చుకున్నారో చూసి రమ్మనండి.